ఏడుపు ఆపుకున్న నటి

నలభై సినిమాల్లో ఏడ్చి పేరు తెచ్చుకున్న ఆ నటికి ఏనాడూ గ్లిజరిన్ అక్కర్లేకపోయింది. డెబ్బై దాటినా కనుబొమలు దిద్దుకోనిదే గుమ్మం దాటేది కాదు. షూటింగుల్లో అద్దం పట్టుకుని పాతికేళ్లు తన పక్కనే నిలబడిన చెల్లెలు పోయిందని ఫోనొచ్చిన పొద్దున మాత్రం రేగిన జుట్టుతోనే పరుగెత్తింది. చెల్లెలి మీద పడి బావురుమంటుంటే వెనక ఎవరో, "అచ్చం సినిమాలో లాగే ఏడుస్తోంది కదూ!" అన్నారు. ఇంకొకరు సెల్‌ఫోన్ పైకెత్తారు. ఆమెకు ఏడుపు గొంతులోనే ఆగిపోయింది. లేచి వెళ్లి ఓ మూల గోడకి ఆనుకుని కూర్చుంది. చెల్లెలి కూతురు పక్కన చేరి, "ఏడ్చెయ్ పెద్దమ్మా, గుండె బరువు దిగుతుంది," అంది. ఆమె పెదవి బిగబట్టి, "నేనేడిస్తే అందరూ నన్నే చూస్తారే. ఈ ఒక్కరోజైనా మీ అమ్మని చూడనీ," అంది.