నలభై ఆరా, ముప్పై తొమ్మిదా: శాలిబండలో ఒక స్లాలమ్ ఫిన్ కోత

హైదరాబాద్‌కు సముద్రం లేదన్న సంగతి చిన్నప్పుడే చదువుకొని కూడా విండ్‌సర్ఫింగ్ నేర్చుకున్న ఇద్దరు మేధావుల్లో నేనొకణ్ణి. రెండోవాడు సందీప్, ఇంజనీరింగ్ హాస్టల్లో నా రూమ్మేటు. మా ఇద్దరికీ కలిపి ఒకటే బోర్డు. అరవై ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పు, ఎవరో వాడి వదిలేసిన స్లాలమ్ రకం. అంటే అలల మీద విన్యాసాలు చేసేది కాదు, రెండు గుర్తుల మధ్య తిన్నగా దూసుకుపోయేది. ఒకడు హుస్సేన్ సాగర్‌లో తెరచాప పట్టుకొని పడుతూ లేస్తూ ఉంటే, ఇంకొకడు గట్టు మీద మిర్చి బజ్జీ తింటూ స్టాప్‌వాచీ చూసి విజిలేసేవాడు. ఒక విజిల్ అంటే బాగుంది అని. రెండు విజిళ్లంటే చాల్లే, ఇక నా వంతు అని. పోయిన నవంబరులో సందీప్ ఉద్యోగానికి పుణె వెళ్లిపోయాడు. బజ్జీల బండి ఇప్పటికీ అక్కడే ఉంది. విజిలే లేదు.

జూన్ ఆఖర్లో ఒకరోజు నీళ్ల అడుగున ఏదో ఇనుప చువ్వ తగిలి మా ఫిన్ రెండు ముక్కలైంది. తెలియనివారి కోసం ఒక గంభీరమైన వివరణ: ఫిన్ అంటే బోర్డు కింద నీళ్లలోకి నిలువుగా దిగి ఉండే రెక్క. అది లేకపోతే గాలి మనల్ని ముందుకు కాక పక్కకు ఈడ్చుకుపోతుంది. దాని పొడవును బోర్డు వెడల్పు, తెరచాప సైజు, గాలి జోరు, పైన నిలబడ్డవాడి బరువు కలిసి నిర్ణయిస్తాయి. మరీ పొడుగైతే గాలి పెరిగినప్పుడు బోర్డును పైకి లేపి మనిషిని గుర్రంలా కింద పడేస్తుంది. మరీ పొట్టిదైతే వానలో సిమెంటు రోడ్డు మీద బైకు వెనక చక్రం జారినట్టు తోక జారుతుంది. బరువు విషయంలో మా ఇద్దరికీ ఎప్పుడూ పొత్తు కుదరలేదు. వాడు ఏనుగు, నేను ఏనుగు మీది జెండా. పాత ఫిన్ వాడి కొలతకే కొన్నది కాబట్టి, గాలి ఎక్కువైన రోజుల్లో నేను నీళ్లలో గడిపిన సమయమే ఎక్కువ.

మా అవస్థ చూసి చెన్నైలో ఒక సీనియర్ తను వాడని యాభై సెంటీమీటర్ల ఫిన్ కొరియర్ చేశాడు. "కోసుకోండి, మీ ఇష్టం" అన్నాడు. అదే వారం సందీప్ మెసేజ్ పెట్టాడు: "ఈ ఆదివారం వస్తున్నా. బోర్డు రెడీ పెట్టు." ఎనిమిది నెలల తర్వాత వస్తున్నాడు. కాబట్టి శనివారం సాయంత్రంలోగా ఆ యాభైని కోసి, అంచులు తీర్చి, బోర్డుకు బిగించాలి. ఫైబర్ గ్లాసు చెక్కేవాళ్లు ఊళ్లో ఉంటారు గానీ వారం టైమ్ అడిగారు. ఒకరోజులో చేసేది పాతబస్తీయేనని మా మెస్ అన్న చెప్పాడు. శాలిబండలో కత్తులు చేసే చారి బాపు ఉన్నాడట.

శనివారం పొద్దున ఎనిమిది నలభైకి పరేడ్ గ్రౌండ్స్‌లో మెట్రో ఎక్కబోయాను. పాత లుంగీలో చుట్టిన అర మీటరు నల్లటి బద్ద స్కానర్‌లో ఎలా కనిపిస్తుందో నేను ఆలోచించలేదు. మీరు ఆలోచించండి.

"ఏందిది? తల్వారా?" అన్నాడు సెక్యూరిటీ అన్న.

"ఫిన్ అన్నా. విండ్‌సర్ఫింగ్‌ది. పడవకు చుక్కాని ఉంటది కదా, గట్లాంటిది."

"పడవ ఏడుంది?"

"ఇంట్ల."

"సముద్రం?"

"లేదన్నా."

ఆయన నన్ను జాలిగా చూశాడు. అంచు మీద వేలు నడిపించి, తెగకపోయేసరికి, "పో తమ్మీ, పో. జాగర్త" అని వదిలేశాడు. నలభై రూపాయల లోపు టికెట్, ఇరవై నిమిషాల్లో ఎంజీబీఎస్.

అక్కడినుంచి అఫ్జల్‌గంజ్‌కు నడిచాను. బేగంబజార్ దుకాణాలు పదకొండుకు గానీ పూర్తిగా తెరవరు, కాబట్టి ముందు తినడం ఉత్తమం. ఒక చిన్న హోటల్లో ఖిచిడీ, ఖీమా, చింతపండు ఖట్టా పొద్దున పదిన్నర దాకా దొరుకుతాయి. వంట చేస్తున్న భాయ్ గరిటె ఎత్తి "కిత్నే?" అనగానే నా నోరు అలవాటుగా "దో" అంది. రెండు ప్లేట్లు వచ్చాయి. ఎదుటి కుర్చీ ముందు ఒకటి పెట్టి, భాయ్ తలుపు వైపు చూశాడు.

"దోస్త్ ఆరే క్యా?"

"కల్ ఆరా, భాయ్."

"కల్ తక్ ఠండా హోజాతా," రేపటికి చల్లారిపోతుందని చాలా బాధ్యతగా గుర్తుచేశాడు.

వైజ్ఞానిక దృష్టితో రెండూ నేనే తిన్నాను. బరువు పెరిగితే పొడుగు ఫిన్ సరిపోతుంది కదా.

బేగంబజార్‌లో నాకు కావలసింది ఫిన్ బిగించే స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు, రెండంటే రెండు. మీరు ఎప్పుడైనా హోల్‌సేల్ బజారులో ఒంటరిగా ఉండాలనుకుంటే, రెండు బోల్టులు అడగండి. జనం మస్తు, హమాలీల కేకలు మస్తు, భుజానికి భుజం తగలకుండా అడుగు పడదు. కానీ అక్కడ ఏదీ ఒక్కటిగా అమ్మరు. గిన్నెలు సెట్లు, గరిటెలు డజన్లు, బోల్టులు కిలోలు. మూడు దుకాణాల్లో తల అడ్డంగా ఊపారు. నాలుగో సేఠ్ కళ్లజోడు పైకెత్తి, "దో? సిర్ఫ్ దో? దో సే క్యా కర్తే భాయ్?" అని, రెండింటితో ఏం చేసుకుంటానోనని నా భవిష్యత్తు గురించి నిజంగానే కలత చెందాడు. నేను లుంగీ విప్పి చూపించాను. కూలర్ రెక్క అనుకున్నాడు. డబ్బాలోంచి రెండు తీసి నా చేతిలో పడేసి, డబ్బులివ్వబోతే, "జా భాయ్, దో కా హిసాబ్ కౌన్ కర్తా" అని రెండింటికి లెక్క కట్టనన్నాడు. ఉప్పునీళ్లు లేకపోయినా స్టెయిన్‌లెస్ స్టీలే తీసుకోండి. మామూలు ఇనుము సాగర్‌లో నెలకే తుప్పు పట్టి బోర్డులో ఇరుక్కుంటుంది.

పన్నెండుంబావుకు అఫ్జల్‌గంజ్‌లో షేర్ ఆటో ఎక్కాను, శాలిబండకు ఇరవై రూపాయలు. చార్మినార్ చుట్టుపక్కల శనివారం గాజులు కొనేవాళ్ల లొల్లిలో ఆటో అరగంట నిలబడిపోయింది. వెనక ఉన్న ముగ్గురూ ఒకే కుటుంబం. వాళ్లు సర్దుకుని కూర్చోవడానికి నేను డ్రైవర్ పక్కన సగం సీటు మీదికి మారాను. ఫిన్ మాత్రం నా ఒళ్లో పూర్తి సీటు తీసుకుంది.

చారి బాపు దుకాణం అంటే ఒక షట్టరు, లోపల మోటారుతో తిరిగే ఒక సానరాయి, గోడ నిండా కత్తులు. అరవై దాటిన మనిషి. సానరాయికి అటూ ఇటూ రెండు పీటలున్నాయి. ఒకటి ఆయన కూర్చుని కూర్చుని గుంట పడింది, ఇంకో దాని మీద దుమ్ము. ఫిన్ చేతిలోకి తీసుకుని తూకం చూసినట్టు రెండుసార్లు ఊపాడు.

"ధార ఏ దిక్కు బిడ్డా?"

"ముందు దిక్కు గుండ్రంగ ఉండాలె బాపు. ఎనక దిక్కు సన్నగ."

"అంటే ఉల్టా కత్తి."

"నీళ్లను కొయ్యొద్దు బాపు, పట్టుకోవాలె. ముందు అంచు కొంచెం ఎనకకు వాలాలె. లేకుంటే సాగర్‌ల గుర్రపుడెక్క, పాలిథిన్ కవర్లు అన్నీ దీనికే చుట్టుకుంటయి."

చెప్పేటప్పుడు నేను నిలబడి ఉండటం మంచిదైంది. అప్పటికే ఆయన అలవాటు కొద్దీ ముందు అంచును రాయి దగ్గరికి తీసుకెళ్లాడు. మీరు కత్తులవాళ్ల దగ్గరికి వెళ్తే ముందు అంచు మీద సుద్దతో పెద్ద గుండ్రం గీసి మరీ ఇవ్వండి. నేను ఇంకో గీత కూడా గీశాను, నలభై ఐదు దగ్గర. సందీప్ బరువు లెక్క.

బాపు హ్యాక్సా తీసి, మళ్లీ కింద పెట్టాడు. "ఇది ఎవల చేతికి?"

"చేతికి కాదు బాపు, కాళ్ల కింద."

"ఎవల కాళ్ల కింద? నేను మనిషిని చూడకుండ కత్తి చెయ్య. మటన్ కొట్టేటాయన చెయ్యి వేరే, పూలు కట్టే ఆమె చెయ్యి వేరే. చూసి, పట్టుకొని, అప్పుడు కొలత."

"నా దోస్త్‌ది బాపు. రేపు పుణె నుంచి వస్తుండు. ఎనభై ఎనిమిది కిలోలుంటడు."

"ఎప్పటి మాట అది?"

"ఎనిమిది నెల్ల కింద."

"ఎనిమిది నెల్లల మనిషి గట్లనే ఉంటడా? ఫోన్ చేసి అడుగు. ఒక్కసారి కోసినంక నేను మళ్ల పొడుగు చెయ్యలేను."

మోటారు హోరు వల్ల స్పీకర్ పెట్టాను. రెండోసారికి సందీప్ ఎత్తాడు.

"నీ బరువెంత రా ఇప్పుడు?"

"భోజనం టైమ్‌ల ఏంది రా గిది? సంబంధం చూస్తున్నవా నాకు?"

"చెప్పురా సాలే, పని మీద ఉన్న."

"తొంభై నాలుగు. ఈడ వడా పావ్‌లు మస్తుంటయి."

బాపు వైపు చూసి, నలభై ఐదు తుడిచి నలభై ఆరు దగ్గర గీత పెట్టాను. "రేపు ఎన్నింటికి దిగుతవు?"

"అరే, నీకు చెప్దామనే ఉన్న. కుదుర్త లేదు రా."

"ఫికర్ లేదు. వచ్చే వారం రా."

"మామా, విను. బోర్డు నువ్వే ఉంచుకో. ఇక్కడ అంతా వేరే అయిపోయింది. నేనైతే మళ్ల నీళ్లల్లకు దిగుతననుకుంట లేను. ఫీల్ కాకు రా."

"ఫీలెందుకైత? నీ సగం బోర్డు కూడ నాదే అయింది కదా. పార్టీ ఇస్త."

ఇద్దరం నవ్వాం. ఫోన్ పెట్టేశాను. అప్పుడు తెలిసింది, బాపు ఎప్పుడో మోటారు ఆపేశాడు. మొత్తం విన్నాడు.

"గీత ఏడ పెట్టాలె బిడ్డా?"

నేను నిజంగానే చాలాసేపు ఆలోచించాను. నలభై ఆరు దగ్గర కోస్తే వాడెప్పుడైనా వచ్చినా సిద్ధంగా ఉంటుంది, అప్పటిదాకా ప్రతి వారం అది నన్ను ఎత్తి కుదేస్తుంది. నాకు సరిపోయేలా కోస్తే వాడు ఇక దాని మీద నిలబడలేడు, తోక జారిపోతుంది. నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి ఒక సగటు తీశాను. "నలభై రెండు బాపు. ఇద్దరికీ నడుస్తది."

"ఇద్దరికీ అంటే ఎవలకు సరిగ్గుంటది?"

నేను నలభై రెండు దగ్గర సుద్దముక్క పెట్టి, గీయకుండానే తీసేశాను.

"నాకు ఒక తమ్ముడుండె," అన్నాడు బాపు, దుమ్ము పట్టిన పీట వైపు చూడకుండానే. "ముందు సానరాయి పట్టా ఆడే లాగేటోడు. ఆడు పోయినంక రెండేండ్లు నేను కూలోళ్లతోని రాయిని ఆడు లాగే జోరుకే తిప్పిచ్చుకుంట కూసున్న. ఒక్క కత్తి సక్కగ రాలే. ఇప్పుడు మోటారు పెట్టుకున్న. మోటారు కొట్లాడదు, మాట్లాడదు. పని మాత్రం సక్కగైతుంది." తర్వాత నా రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూశాడు. తెరచాప గొట్టం వల్ల కాసిన కాయల మీద బొటనవేలుతో నొక్కాడు. "ఈ చెయ్యి నీళ్లల్లకు దిగుతది. దీనికి చెప్పు కొలత."

"యాభై ఎనిమిది కిలోలు బాపు," అన్నాను. "ఈ పొద్దు రెండు ప్లేట్లు తిన్న, యాభై తొమ్మిది రాసుకో. ముప్పై తొమ్మిది దగ్గర కొయ్యి."

ఆయన కోశాడు. గాజు పొడి ఎగరకుండా నీళ్లు చల్లుతూ, మొహానికి రుమాలు కట్టుకుని, మధ్యలో టీ కూడా తాగకుండా రెండు గంటలు రాయి మీద తిప్పాడు. మీరు వెళ్తే మాస్కు తీసుకెళ్లండి. ఆ పొడి చర్మానికి తగిలితే రెండు రోజులు దురద. మూడు వందలు తీసుకున్నాడు. కోసిన పదకొండు సెంటీమీటర్ల ముక్కను కూడా పొడి దులిపి ఇచ్చాడు, నలభై ఆరు గీత దాని మీద ఇంకా ఉంది. షట్టరు దాటుతుంటే వెనకనుంచి పిలిచాడు.

"రేపు నడిపినంక తెచ్చి చూపియ్యి. ఎట్ల నడిచిందో ఎవలన్న చెప్పకుంటే, నేను మంచిగ చేసిన్నా లేదా నాకెట్ల ఎర్కైతది?"

ఆదివారం మధ్యాహ్నం పడమటి గాలి బాగా లేచింది. ఒక్కణ్ణే బోర్డు మోసుకుంటూ గట్టు దిగాను, ఒక్కణ్ణే తెరచాప ఎత్తాను. ఫిన్ గురించి చెప్పాలంటే, ఎనిమిది నెలల్లో మొదటిసారి బోర్డు నన్ను ఎత్తి పడేయలేదు, తోక జారలేదు, కవర్లు చుట్టుకోలేదు. తిన్నగా, గట్టిగా, నా మాట వింటూ పోయింది. బహుశా చాలా వేగంగా కూడా పోయిందేమో. పక్కన ఇంకో బోర్డు గానీ, గట్టు మీద స్టాప్‌వాచీ గానీ లేనప్పుడు అది ఫిన్ గొప్పతనమో గాలి దయో తేల్చడం కష్టం. మలుపు తిరిగిన ప్రతిసారీ గట్టు వైపు చూశాను. బజ్జీల బండి, సెల్ఫీ తీసుకుంటున్న జంట, నిద్రపోతున్న కుక్క. మూడోసారి నేనే విజిల్ వేద్దామనుకున్నాను గానీ నోటి నిండా సాగర్ నీళ్లున్నాయి, ఆ నీళ్లతో సాహసాలు వద్దు. ఇంటికొచ్చి ఫిన్ కడిగి, ఆరబెట్టి, మళ్లీ లుంగీలో చుట్టిపెట్టాను. చారి బాపుకు చూపించాలి కదా. ఈసారి మెట్రోలో ఆ సెక్యూరిటీ అన్న అడిగితే, పడవ నాదేనన్నా, మొత్తం నాదే అని చెప్తాను.

స్లాలమ్ ఫిన్ ఎంచుకునేవారికి నా సలహా ఒక్కటే. బోర్డు వెడల్పు, తెరచాప సైజు, మీ చెరువులో గాలి ఎలా ఉంటుందో కాగితం మీద రాసుకుని వెళ్లండి. బరువు దగ్గర మాత్రం ఆ వారం నీళ్లలోకి దిగే మనిషిదే రాయండి, వస్తానన్నవాడిది కాదు.