ఆ బిళ్ళ ఎట్లున్నది?

మా సార్ పోయారు. హబ్సిగూడలో బస్సు కోసం నిలబడి ఉండగా ఆయన భార్య ఫోన్ చేసి, "సార్ ఇగ లేరు బిడ్డా" అన్నది. వచ్చిన బస్సు వెళ్లిపోయింది, నేను ఎక్కలేదు. మీకు ఆయన తెలియదు. పేపర్లో ఫొటో పడేంత మనిషి కాదు.

సార్ దగ్గర నేను ల్యాబులో పనిచేశాను. మా పని వినడానికి గొప్పగా, చూడడానికి విసుగ్గా ఉంటుంది. లోహాన్ని కోసే పనిముట్లకు కృత్రిమ వజ్రాన్ని సన్నటి పొరగా పట్టిస్తారు. మండే వేడిలో పొర పట్టుకుంటుంది. చల్లారేటప్పుడు కింది లోహం ఎక్కువ ముడుచుకుంటుంది, వజ్రం అంత ముడుచుకోదు. విడిపోలేక, సర్దుకోలేక పొరలో ఒత్తిడి మిగిలిపోతుంది. దాన్ని కొలవాలి. పొర మీద లేజరు వేస్తే తెర మీద ఒక గీత లేస్తుంది. ఒత్తిడి ఉంటే ఆ గీత పక్కకు జరుగుతుంది. ఎంత జరిగిందో చూడడమే మా బతుకు.

సార్‌కు చాదస్తం. రోజూ ముందుగా ఒత్తిడి లేని చిన్న వజ్రపు ముక్క పెట్టి, గీత సరైన చోటే లేస్తుందా అని చూసేవారు. "నిన్ననే చూసినం గద సార్" అంటే, "నిన్నటి అన్నం ఇయ్యాల తింటవా?" అనేవారు. తింటాను సార్, మేడిపల్లి నుంచి డబ్బాలో తెచ్చేది అదే, అని నోటిదాకా వచ్చేది. ఇప్పటికీ పొద్దున్నే ముందు ఆ ముక్కనే పెడతాను.

మా అన్న నాచారంలో ఈ పొరలు పట్టించే చిన్న కంపెనీలో చేసేవాడు. వాళ్లకో పెద్ద ఆర్డర్ వచ్చింది, సార్ రిపోర్టు బాగుంటేనే ఖాయం. మిషన్‌కు బిగించి లోహాన్ని కోసే చిన్న బిళ్ళలకు పొర పట్టించి, మా అన్నే ల్యాబుకు తెచ్చాడు. నల్లగా, నున్నగా, ఎక్కడా పగులు లేదు. సార్ కొలిచారు. మళ్లీ ఆ వజ్రపు ముక్క పెట్టి చూశారు, మళ్లీ కొలిచారు. గీత చాలా పక్కకు జరిగింది. తల అడ్డంగా ఊపారు.

"పైకి మంచిగనే ఉన్నది గద సార్. జర సూడున్రి," అన్న బతిమాలాడు.

"పైకి మంచిగుంటే నా దగ్గరికెందుకు తెచ్చినవ్ కొడుకా? కోతల పెడితే పొర లేస్తది. మిషన్ ముందటోని కంట్ల పడితే జిమ్మెదారెవరు?"

ఆర్డర్ పోయింది. కంపెనీ ఆ పనే ఆపేసింది. అన్న అన్నోజిగూడ గోదాములో మూటలు దించే పనికి చేరాడు. వదిన ఏడుపు చూసి నాకూ సార్ మీద ఒళ్లు మండింది. ఒక్క మాట మెత్తగా రాస్తే ఆయన సొమ్మేం పోయేది?

అన్న ఒక బిళ్ళ తన దగ్గరే ఉంచుకున్నాడు. "దీని పొర లేసిననాడు మీ సార్‌కు దండం పెడుత" అన్నాడు. ఆ సంగతి నేనే సార్‌కు చెప్పాను. అప్పటి నుంచి బందు రోజుల్లో ఉప్పల్ నుంచి నడిచొచ్చినా, రాష్ట్రం వచ్చిందని ల్యాబులో మిఠాయిలు పంచుకున్నా, సార్ నన్ను అడిగే మాట ఒకటే.

"మీ అన్న బిళ్ళ ఎట్లున్నది?"

"గట్లనే ఉన్నది సార్."

"కోతల పెట్టిండా?"

"పెట్టలే."

ఒక మనిషి పొట్ట కొట్టానేమోనన్న బెంగ ఆయన్ని తినేసింది. రిపోర్టు మాత్రం మార్చలేదు. ఆఖరికి దవాఖానాలో, ముక్కుకు గొట్టంతో కూడా అదే అడిగారు. "గట్లనే ఉన్నది సార్" అన్నాను. విని, అలసటగా కళ్లు మూసుకున్నారు.

దహనానికి అన్న వస్తాడనుకోలేదు. వచ్చి దూరంగా నిలబడ్డాడు. అంతా అయ్యాక నన్ను బండెక్కించుకుని నాచారంలో దోస్తు లేత్ షాపుకు తీసుకుపోయాడు. జేబులోంచి బిళ్ళ తీసి మిషన్‌కు బిగించాడు. దోస్తును అడిగి, మిషన్ పనికి వాడే కళ్లద్దాలు పెట్టుకున్నాడు. నన్ను వెనక్కి జరగమన్నాడు.

తిరిగే అల్యూమినియం కడ్డీకి తగిలీ తగలగానే పొర పెచ్చులై ఎగిరింది. ఒక పెచ్చు వచ్చి అద్దానికి టక్కున తగిలింది. అన్న మిషన్ ఆపాడు. బిళ్ళ మీద బోడి లోహం బయటపడింది. దాన్నే చూస్తూ, అద్దాలు తీయకుండానే అన్నాడు.

"లేసిందని మీ సార్‌కు జెప్పు."