పసుపుతో గీసిన బొంత

మా అక్క కూతురికి ఆడబిడ్డ పుట్టిందన్న కబురు మొదట నాకు తెచ్చింది మా పక్కింటి వదిన. మా అక్కవాళ్ళ ఊరు చింతామణి నుంచి వచ్చి బస్సు దిగి, తన ఇంటికి కూడా పోకుండా మా గడప దగ్గరే నిలబడి చెప్పింది.

"తల్లీబిడ్డా బాగుండారు మే. పదకొండో దినం తొట్టిల్లో ఏస్తారంట. నువ్వేం తీసకపోతావు?"

బొంత కుట్టుకుపోతానన్నాను. మా అమ్మ పోయాక నాకు మిగిలింది ఒక్క తెల్లటి నూలు చీర. ముత్తవ్వ చీర మీద ఆ పిల్ల పడుకోవాలని నా కోరిక.

మిషన్ కుట్టడం నాకెవరూ నేర్పలేదు. చూసి, చెడగొట్టి, విప్పి నేర్చుకున్నాను. బొంతకు మెలికల ముగ్గు బాగా కుదురుతుంది. చుక్కల చుట్టూ తిరిగే గీత ఎక్కడా ఆగదు కాబట్టి మాటిమాటికీ దారం తెంచే పని ఉండదు. చీర మడతల మధ్య మెత్తటి పాత దుప్పటి పరిచి, కదలకుండా పొడుగు పోగులు వేశాను. సుద్దతో గీస్తే బొంతను తిప్పేకొద్దీ రాలిపోతుంది. పసిబిడ్డకు శుభం కదా అని పసుపు నీళ్ళలో పుల్ల ముంచి, దేవుణ్ణి తలుచుకుని సగం ముగ్గు గీశాను. నడుమ నుంచి అంచులకు కుట్టుకుంటూ పోయాను.

మధ్యలో గిన్నెలు తోమి వచ్చి, చేతి సబ్బు సరిగ్గా కడగకుండానే బొంత పట్టుకున్నాను. వేళ్ళు తగిలినచోటల్లా పసుపు గీతలు ఎర్రబడ్డాయి. తడిగుడ్డతో తుడిస్తే ఎరుపు ఇంకా పాకింది. అమ్మ చీరను నా చేతులతోనే పాడు చేశానని ఏడ్చాను.

పొద్దున్నే బాగేపల్లి బస్సెక్కాను. నా మిషన్ బాగుచేసిచ్చే ముసలి దర్జీ అక్కడే ఉంటాడు. బొంత విప్పి చూసి నవ్వాడు.

"పసుపు పూసినావే, బొంతకేమన్నా పెండ్లి చేస్తాండావామ్మా?"

"నవ్వద్దప్పా. మా అమ్మ చీర ఇది. ఇంకోటి లేదు."

ఆయన నవ్వు ఆపేశాడు. "ఆరతి నీళ్ళకి పసుపులో సున్నం కలిపేది మీ ఆడోళ్ళే కదమ్మా. సబ్బూ పసుపుని అట్లే ఎర్రగా చేస్తాది. ఎరుపు మీద నిమ్మకాయ పిండు, మళ్ళా పసుపు రంగుకొస్తాది. కుట్టేది అయినాక ఉత్త నీళ్ళల్లో జాడించి ఎండకెయ్యి. పసుపు ఎండకి నిలబడదు. అది పొయ్యేదాకా సబ్బు చూపించొద్దు."

"మిగిలిన ముగ్గు దేంతో గీసేదప్పా?"

"గోరు యాడికి పోయిండాది?" అని గుడ్డ మీద గోటితో నొక్కి లాగాడు. సన్నని గీత పడింది. "కుట్టేంత మాత్రమే గీసుకో. చెరిగిపోతే మళ్ళా గీసుకో."

అట్లాగే చేశాను. ఒక మూల గుడ్డ ముడత పడితే రెండుసార్లు విప్పి, మూడోసారి కుట్టాను. తరువాత మిద్దె మీద మూడు దినాలు ఎండేశాను. రెండో దినం మబ్బు పట్టినా తీయలేదు. బొంత పక్కనే కూర్చుని ఎండ కోసం దేవుణ్ణి వేడుకున్నాను. మూడో దినం సాయంత్రానికి పసుపు పోయింది. తెల్లటి గుడ్డ మీద కుట్టు ముగ్గు ఒక్కటే మిగిలింది.

చింతామణిలో అక్క ఆ బొంతను తొట్టిల్లో పరిచి, చేత్తో తడిమి, "అమ్మ చీర కదూ మే" అంది. బిడ్డను దానిమీద పడుకోబెట్టాము.

ఆ దర్జీకి ఇప్పుడు చూపు మందగించింది. సూదిలో దారం ఎక్కించమని దారిన పోయేవాళ్ళను అడుగుతున్నాడు. మీరు దీపం పెట్టేటప్పుడు ఆయన కళ్ళ కోసం ఒక్కసారి దేవుణ్ణి అడగండి.