శుక్రవారం బ్యాట్ల పరీక్ష

సౌదీలోని జుబైల్‌లో విదేశీ ఉద్యోగుల కాలనీ మైదానం చూసుకునే సదానందానికి ఆ ఏడాది కాలు ఒకచోట నిలిచేది కాదు. గడ్డికి నీళ్లు పడుతూనే గేటు వైపు చూసేవాడు. గీతలు గీస్తూ గీస్తూ ఫోను తీసేవాడు. సౌదీలను సరిపడా పెట్టుకోనందుకు అతని కంపెనీ, సర్కారు రంగులిచ్చే నితాఖత్ లెక్కలో ఎర్ర రంగులో పడింది. ఇక అక్కడ ఉండనిచ్చే కార్డు, ఇఖామా, రెన్యువల్ కాదు. పనిలో పెట్టుకున్న కఫీల్ ఒప్పుకోకున్నా వేరే కంపెనీకి మారొచ్చు గాని, తీసుకునేవాడు దొరకాలి.

దొరికినట్టే అనిపించింది. నెల్లూరు నుంచి వచ్చిన ప్లాంటు ఇంజనీరు సురేంద్ర సెలవు రోజైన శుక్రవారాలు అక్కడ సాఫ్ట్‌బాల్ ఆడేవాడు. "మా మేనేజరుతో మాట్లాడతాలే" అన్నాడొకసారి.

ఆటకు ముందు బ్యాట్లు పరీక్షించే పని సదానందానిదే. ఆమోద ముద్ర ఉందా, పగులుందా చూసి, ఒక్కోదాన్ని యంత్రంలో బిగించి నొక్కాలి. కార్బన్ పోగుల కాంపోజిట్ బ్యాట్ వాడేకొద్దీ మెత్తబడి బంతిని మరీ వేగంగా తోలుతుంది. గట్టిదనం చూపే యంత్రం సూది హద్దు కిందికి దిగితే ఆ బ్యాట్ పనికిరాదు. కిందటి చలికాలం అలాంటి దెబ్బకే బంతి విసిరే ఇస్సాక్ దవడ విరిగింది. కాకినాడ వైపు నుంచి వచ్చిన ఆ లిఫ్టు మెకానిక్ చాన్నాళ్లు గంజి మీదే బతికాడు. ఆ తర్వాతే యంత్రం వచ్చింది.

ఫైనల్ రోజు సురేంద్ర బ్యాట్‌కు సూది హద్దు దిగిపోయింది. సదానందం తిప్పి మళ్లీ బిగించాడు. మళ్లీ దిగింది.

"ఇది నడ్వది సార్."

"ముద్రుంది కదా. ఈ ఒక్క మ్యాచ్‌కి వదిలెయ్."

అవతల ఇస్సాక్ చెయ్యి తిప్పుతూ సిద్ధమవుతున్నాడు.

"లోపల మెత్తవడ్డది సార్. బాల్ ఏసేది ఇస్సాక్."

సురేంద్ర బ్యాట్ తీసుకెళ్లి కారులో పడేశాడు. వేరేవాళ్ల బ్యాట్‌తో ఆడి, ఓడి, పలకరించకుండానే వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఫోను మోగితే చాలు, సదానందం ఉలిక్కిపడేవాడు. చివరికి సురేంద్రే చేశాడు.

"మా కంపెనీ కూడా పసుపులోకి జారింది సదానందం. కొత్తోళ్లని తీసుకోనివ్వరు. బ్యాట్‌కీ దీనికీ సంబంధం లేదు."

ఆ మాట నమ్మాలో వద్దో సదానందానికి తేలలేదు. పని చేస్తున్నా, అన్నం తింటున్నా అదే ఆలోచన.

దారి చూపింది ఇస్సాక్. ఖతీఫ్ ఊళ్లో తాను లిఫ్టు బాగుచేసే చేపల గోదాము యజమాని మనుషుల కోసం చూస్తున్నాడని తెలిసి వెంటబెట్టుకుపోయాడు. అతనిది ఆకుపచ్చ రంగు కంపెనీ, కొత్తవాళ్లను తీసుకోవచ్చు. కాగితాలు మారాయి, ఇఖామా వచ్చింది. అక్కడ శుక్రవారమూ పనే.

"కార్డొచ్చింది గని మనసు నిలుస్తలేదు ఇస్సాకూ" అన్నాడు ఫోనులో. "యాడాదైతే మల్ల గిదే లొల్లి గదా."

"ఏడాదుంది కదన్నా. అప్పుడు చూసుకుందాంలే."

బయట రొయ్యల లారీ హారన్ కొట్టింది. సదానందం ఫోను జేబులో వేసుకుని, చేతి తొడుగులు లాక్కుంటూ అటు నడిచాడు.