పుస్తెలు లేని బొమ్మ

12 జూలై 1968, శుక్రవారం. ముసురు. పొద్దున్నే తార్నాకలో మా ఇంటి పెంకులు సర్ది, యూనివర్సిటీ తోటపనికి వెళ్లాను.

తోట మధ్య పెట్టిన సిమెంటు బొమ్మకు కప్పిన గుడ్డ ఈ రోజే తీశారు. గంప ఎత్తుకున్న ఆడమనిషి బొమ్మ అది. నాతో పాటు కలుపు తీసే యాదమ్మను ఎదురుగా నిలబెట్టి శిల్పి నెల రోజులు చేశాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. యాదమ్మ మాత్రం బొమ్మ మెడ చూసి కెవ్వుమంది.

"పుస్తెలేవి సారూ? బొట్టేది? నా మొగడు బతికే ఉన్నడు గద!"

ఆమె భర్త పది రోజులుగా వారాసిగూడలో జ్వరంతో మంచం మీద ఉన్నాడు.

"అది నువ్వు కాదమ్మా, శ్రమ," అన్నాడు శిల్పి.

"శ్రమ ఎవరు సారూ? ముక్కు నాది, గంప నాది. బోసి మెడ ఇంకోళ్లదా?"

నెలంతా ఆ పక్కనే గడ్డి కోశాను, ఆ బోసి మెడ నాకూ కనబడలేదు.

యాదమ్మ ఉరికిపోయి దారం కట్టిన పసుపుకొమ్ము తెచ్చింది. బొమ్మ మెడ ఆమెకు అందలేదు.

"నువ్వన్న కట్టన్నా, జల్ది!"

దారం తీసుకుని బొమ్మ మెడ దాకా చేతులెత్తాను. అప్పుడు తెలిసింది నేనేం చేయబోతున్నానో. యాదమ్మకూ అప్పుడే తెలిసింది.

"ఆగన్నా! నీ చేతులిరగ, ఆగు!"

దారం ఇచ్చేసి స్టూలు తెచ్చాను. తనే ఎక్కి మూడు ముళ్లూ వేసింది. నేను కళ్లు దించుకుని స్టూలు పట్టుకున్నాను.

మీరైతే ఏం చేసేవారో చెప్పండి. ఆ తరువాత కంచె కత్తిరించానో లేదో, రాద్దామంటే గుర్తుకే రావడం లేదు.