లేలే కోసం న్యూవార్క్‌కి: ఒక మనిషికి ఎన్ని ఐటమ్స్?

నాకు చైనీస్ రాదు. ఈ సంగతి మా ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలో కనిపించిన ప్రతివాళ్ళూ నాకు గుర్తు చేశారు. ఒక్క ముక్క అర్థం కాని పాటల కోసం తొంభై డాలర్లు తగలేస్తావా అన్నారు. సంస్కృతం రాకుండానే పెళ్ళిళ్ళలో గంటల తరబడి మంత్రాలు వింటున్నాం కదా అన్నాను. లేలే పాతికేళ్ళు నిండని చైనా అమ్మాయి. పాడుతుంది, ఆడుతుంది, సీరియళ్ళలో నటిస్తుంది, డ్రమ్స్ ముందు కూర్చుంటే మరో మనిషైపోతుంది. ఆమె డ్రమ్స్ కొడుతూ పాడిన వీడియో నా ఫోన్లోకి వచ్చిన వారమే మా తెలుగు సంఘం నుంచి మెసేజ్ కూడా వచ్చింది. ఉగాది స్టేజీ మీద డప్పు కొడుతూ ఒక జానపదం పాడతానని అప్పటికే పేరిచ్చి ఉన్నాను. పాడితే సింగింగ్, డప్పు కొడితే ఇన్‌స్ట్రుమెంటల్, కాబట్టి అది రెండు ఐటమ్స్ కిందికి వస్తుందట. ఒక మనిషికి ఒక ఐటమే రూలు. ఏదో ఒకటి వదులుకుని శనివారం సాయంత్రంలోగా చెప్పమని రాశారు కల్చరల్ కమిటీ చూసే సరళ ఆంటీ.

ఆ శనివారమే న్యూవార్క్‌లో లేలే షో. పదో తరగతి చదువుతున్న ఆంటీ కూతురు మాన్యకి కూడా లేలే అంటే పిచ్చి. పిల్లని ఒంటరిగా పంపలేక ఆంటీ తానూ ఒక టికెట్ కొన్నారు. నాకు గడువు పెట్టిన మనిషి పక్కనే కూర్చుని ఆ గడువు గడపాల్సి వచ్చింది.

ప్రిన్స్‌టన్ జంక్షన్ స్టేషన్‌లో కారు పెట్టి మధ్యాహ్నం రైలెక్కాం. న్యూవార్క్ పెన్ స్టేషన్‌కి ముప్పావు గంట పడుతుంది, టికెట్ పదిహేను డాలర్ల చుట్టుపక్కల. స్టేషన్‌కి తూర్పు వైపు దిగితే పోర్చుగీసు, బ్రెజిల్ వాళ్ళ వీధులు. బొగ్గుల మీద కోళ్ళు కాలుతున్న వాసన వీధి చివరి దాకా తోడొచ్చింది. ఆంటీకి శనివారం నీచు పనికిరాదు కాబట్టి బ్రెజిల్ బేకరీలోకి వెళ్ళి చీజ్ వేసి కాల్చిన ఉండ రొట్టెలు అడిగాం. నలుగురికి సరిపడా సంచి ఎనిమిది డాలర్లు.

"ఇందులో ఎగ్ ఉందా అడుగు" అన్నారు ఆంటీ.

కౌంటర్ వెనకున్నావిడ బొటనవేలు, చూపుడువేలు దగ్గరికి చేర్చి చూపించి, "లిటిల్ బిట్" అంది నవ్వుతూ.

"కొంచెమేనట" అన్నాను.

"కొంచెమైతే పర్లేదులే, కేక్‌లో తింటంలా?" అని ఆంటీ మూడు తిన్నారు.

"చూశారా ఆంటీ, మీ రూలు కూడా కొంచెం జరుగుతది" అన్నాను.

స్టేషన్ నుంచి హాలుకి పది నిమిషాల నడక. బయట క్యూలోనే పండగలా ఉంది. ఈ అభిమానులకి ఒక పద్ధతుంది: ఇంట్లో పూసలు గుచ్చి, స్టిక్కర్లు చేసి, ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఉచితంగా పంచుతారు. మెయ్ అనే మాస్టర్స్ విద్యార్థిని మా ముగ్గురి చేతులకీ పూసల గొలుసులు కట్టింది.

"ఎంతంట?" అని గుసగుసగా అడిగారు ఆంటీ.

"ఫ్రీ, అమ్మా" అంది మాన్య.

"ఫ్రీ అంటే వెనకాల ఏదో అంటగడతారు, చూస్తుండు."

మెయ్ అంటగట్టింది ఒక కథ మాత్రమే. లేలే పదహారేళ్ళప్పుడు ఒక పోటీకి వెళితే, గొంతూ నాట్యమూ డ్రమ్సూ అంటే గందరగోళం, ఏదో ఒకటి ఎంచుకో అన్నారట జడ్జీలు. ఎంచుకోనంది. ఇంటికి పంపేశారు. తర్వాత నాలుగేళ్ళు షాపింగ్ మాల్స్ ముందు, పెళ్ళిళ్ళలో, దొరికిన చోటల్లా మూడూ చేసింది. ఇప్పుడు ఆ పోటీ పేరు ఎవరికీ గుర్తులేదని మెయ్ నవ్వింది.

నాలుగున్నరకి లైట్లు ఆరాయి. హాలు హాలంతా ఒక్క గొంతుతో "లే! లే! లే! లే!" అని అరవడం మొదలెట్టింది.

సరళ ఆంటీ నా భుజం పట్టుకుని కుదిపేశారు. "ఏందమ్మాయ్, లేదంటున్నారు? ఆ పిల్ల రాలేదా? టికెట్ డబ్బులు వెనక్కిస్తారా?"

"లేదని కాదాంటీ, ఆమె పేరే అది!"

"లే అని పేరేంటి? లేవమంటున్నారా అయితే?" అంటూ నిజంగానే లేచి నిలబడ్డారు. వెనకాల వరస మొత్తం ఆంటీని చూసి లేచింది. వాళ్ళ వెనకాల వరసా లేచింది.

"అమ్మా, చైనీస్‌లో హ్యాపీ అని మీనింగ్. నువ్వు కూర్చో, ప్లీజ్" అని మాన్య మొహం కప్పుకుంది. ఆలస్యమైపోయింది. మా సెక్షన్ సెక్షనంతా నిలబడింది, షో అయ్యేదాకా ఇంక ఎవరూ కూర్చోలేదు.

మూడో పాటకి లేలే డ్రమ్స్ దగ్గరికి వెళ్ళి, పుల్లలు పట్టుకుని, తలకి తగిలించుకున్న మైకులో పాడుతూనే వాయించింది. ఆమె చెమట పెద్ద తెర మీద మెరిసింది. నా రెండు చేతులూ ముందు కుర్చీ వీపు మీద డప్పు దరువేశాయి. ఆంటీ నా చెవిలో అరిచారు.

"ఈ పిల్ల ఎన్ని ఐటమ్స్ చేస్తుందే?"

"ఒక్కటే ఆంటీ!"

ఆంటీ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, మళ్ళీ స్టేజీ వైపు తిరిగారు.

తిరుగు రైల్లో అడిగారు. "సరే, ఏం తీసేయమంటావ్? పాటా, డప్పా?"

"ఏదీ తీయను."

"నీకు రెండూ ఇస్తే నలభై మంది పేరెంట్స్ నాకు ఫోన్ చేస్తారు. మా అమ్మాయికి రెండోది ఎందుకివ్వలేదంటారు. వాళ్ళకేం చెప్పను?"

ఆ మాటలో న్యాయం లేదనను. కమిటీలో ఎవరూ జీతం తీసుకోరు, తిట్లు మాత్రం ఆంటీ తింటారు. అయినా నా డప్పు పాటలోంచి డప్పు తీస్తే మిగిలేది నా పాట కాదు.

"అయితే నా పేరే కొట్టేయండి ఆంటీ. ఉగాది తర్వాతి ఆదివారం మన అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ బుక్ చేస్త. కొడ్త, పాడ్త. వచ్చేటోళ్ళు వస్తరు."

"అక్కా, నేను కీబోర్డ్ ప్లే చేస్తా" అంది మాన్య.

"నువ్వు ఉగాది గ్రూప్ డాన్స్‌లో ఉన్నావుగా! నీకు రెండోది ఎట్లా..." అని ఆంటీ ఆగిపోయారు. కిటికీ అవతల రెండు స్టేషన్లు దాటాయి.

"ఇంతకీ ఆ క్లబ్‌హౌస్‌లో మైక్ ఉందా, మన సంఘం మైక్ తేవాలా?"

ఉగాది పట్టికలో నా పేరు లేదు. కష్టంగానే ఉంది, ఎందుకంటే పెద్ద స్టేజీ, నిండు హాలు నాకూ ఇష్టమే. కానీ నన్ను సగానికి కోసుకుని ఎక్కే స్టేజీ నాకక్కర్లేదు. అర్థం కాని భాషలో పాడే ఒక మనిషి దగ్గరికి రైలెక్కి వెళ్ళి నేను తెచ్చుకున్నది ఈ మొండితనమే. దీన్ని తగ్గించుకోమనేవాళ్ళు ఎలాగూ ఉంటారు, వాళ్ళు అడిగినప్పుడల్లా కాదని చెప్పే ఓపిక నాకుంది. మీరూ ఇలాంటి షోకి న్యూవార్క్ వెళితే ఒక్క సలహా: రైలు టికెట్ ఫోన్లో ముందే కొనుక్కోండి, కానీ రైలెక్కబోయేటప్పుడే యాక్టివేట్ చేయండి. తొందరపడి ముందే నొక్కితే గడువు అయిపోతుంది, గడువులు పెట్టేవాళ్ళు మనకి ఇప్పటికే చాలామంది ఉన్నారు.