అప్‌డేట్ కొట్టొద్దు

మా గది గోడ మీద మూడు రూల్స్ ఉండేవి. నా స్నేహితుడు ఎర్ర స్కెచ్ పెన్నుతో, పరీక్ష పేపరు రాసినంత శ్రద్ధగా రాసి, కంప్యూటర్ మానిటరుకు సరిగ్గా పైన అతికించాడు. ఒకటి, అప్‌డేట్ కొట్టొద్దు. రెండు, చెడగొట్టినోడే బాగు చెయ్యాలె. మూడు, మొత్తం తుడిచి మళ్లీ ఎక్కించుడు లేదు. గదిలో ఉండేది ఇద్దరం కాబట్టి రూల్స్ ఇద్దరికీ అనుకుంటారు చూసినవాళ్లు. కాదు. మూడూ నన్ను ఉద్దేశించి రాసినవే.

గది మాణికేశ్వర్ నగర్‌లో, మేడ మీద ఒంటి గది. కిటికీ తెరిస్తే యూనివర్సిటీ ప్రహరీ, దానవతల చెట్లు. వాడు అక్కడ చరిత్రలో పీహెచ్‌డీ చేసేవాడు. నేను అదే క్యాంపస్‌లో ఒక డిపార్ట్‌మెంటు కంప్యూటర్ ల్యాబులో కాంట్రాక్టు టెక్నీషియన్ని. కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగం నాది, గదిలో ఉన్న కంప్యూటర్ మాత్రం వాడిది. మా ల్యాబు పారేసిన సామానులోంచి సంతకం పెట్టి తెచ్చుకుని, ఒక్కొక్క ముక్కా బిగించి నిలబెట్టుకున్నాడు. మానిటరు వైరు తగిలించే చోటు మదర్‌బోర్డులో కాలిపోయి ఉంటే, ఎక్కడిదో పాత గ్రాఫిక్స్ కార్డు తెచ్చి పెట్టాడు. తెర మీద ఏ బొమ్మ రావాలన్నా ఆ కార్డే దిక్కు. ఆ ముసలి కార్డుకు, దాన్ని పనిచేయించే ప్రోగ్రాము, అదే డ్రైవర్, పాతది తప్ప పడదు, ఆ డ్రైవర్‌కేమో కంప్యూటర్ మొత్తాన్ని నడిపే లైనక్స్ కూడా పాతది తప్ప పడదు. అందుకే మొదటి రూలు.

మూడో రూలుకు కారణం నా నిర్వాకం. కలిసి ఉండడం మొదలుపెట్టిన కొత్తలో, సిస్టమ్ ఏదో సతాయిస్తోందని నేను డిస్కంతా తుడిచి కొత్తగా ఎక్కించాను. ల్యాబులో నాకది రోజూ అలవాటే. వాడు ఊళ్లు తిరిగి తీసుకొచ్చిన ఫొటోలు, ఆరు నెలల కష్టం, అందులో కొట్టుకుపోయాయి. వాడు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కాసేపు ఖాళీ ఫోల్డర్‌ను చూస్తూ కూర్చుని, "పోనీ తీయ్" అన్నాడు. మర్నాడు ఆ కాగితం అతికించి, "గిది చదువుకుంట పండుకో రోజు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం వారం రోజులు వాడి మొహం చూడడానికి మొహం చెల్లలేదు. వాడికి ఆ కాగితం ఒక వేళాకోళం. నాకది చట్టం అయి కూర్చుంది.

పోయిన వానాకాలం వాడికి జ్వరం పట్టుకుంది. రెండు రోజులు గోళీలు మింగించి చూశాను. తగ్గకపోతే రక్తపరీక్ష చేయించాం, డెంగ్యూ అన్నారు. తీసుకెళ్లి దవాఖానలో చేర్పించాను. ఊరి నుంచి వాడి బావ వచ్చి పక్కన కూర్చున్నాడు. వాడికి తల్లి చిన్నప్పుడే పోతే, అక్క పెంచి పెద్ద చేసింది. ఆ అక్క కూడా అంతకుముందు ఏడాది పోయింది. బావ అంటే ఆమె భర్త. వాడికంటూ మిగిలింది ఆయన ఒక్కడే.

చేర్పించిన పొద్దున నేను బయల్దేరబోతుంటే వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. పెనం తాకినట్టుంది.

"అరేయ్, అక్క వీడియో సిస్టమ్ల ఉన్నది. ఫోన్ల లేదు. రేపొచ్చేటప్పుడు పట్కరా."

"ఇప్పుడెందుకురా అది?"

"ఊకెనే. సూడబుద్ధైతున్నది. కన్ను మూస్తే చాలు, వచ్చి తిడుతున్నది."

ఆ వీడియో నాకూ తెలుసు. అక్క కదులుతూ, మాట్లాడుతూ ఉన్నది లోకంలో ఆ నాలుగు నిమిషాలే. ఇంటి అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు కొడుతూ ఉంటుంది. వీడు ఎదురుగా ఫోను పట్టుకుని నిలబడితే, "ఏందిరా గది, నా మొహమేం సూస్తవ్, వచ్చి రెండు కాయలు కొట్టరాదు" అని కసురుతుంది. కసిరి, కాసేపాగి, కొంగుతో చెంపలు తుడుచుకుని, "మంచిగ కనబడ్తున్ననా?" అని అడుగుతుంది. ఆ తీసిన ఫోను తర్వాత పాడైపోయింది. మిగిలిన కాపీ ఈ సిస్టమ్‌లోనే.

గదికి వచ్చి ఆన్ చేశాను. శుభ్రంగా ఆన్ అయింది. పెన్‌డ్రైవ్ గుచ్చి, ఫైలు పట్టి లాగితే అయిపోయేది. కానీ తెర మూలన ఒక చిన్న గుర్తు, మూడొందల చిల్లర అప్‌డేట్లు పెండింగ్ అని. పెండింగ్ అన్న మాట చూస్తే నా చేతులు ఊరుకోవు. ప్రతి శనివారం ల్యాబులో వరసగా మిషన్లన్నిటికీ నేను చేసే పనే అది. వాడు గదిలో లేడు కదా, వచ్చేసరికి అంతా తాజాగా పెట్టి ఆశ్చర్యపరుద్దాం అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది. కాగితం కళ్లముందే ఉంది, ఎర్రగా, మొదటి లైను. కొట్టాను. పాతవి ఇంక అక్కర్లేదు, తీసెయ్యనా అని సిస్టమ్ అడిగింది. అవును అన్నాను. రీస్టార్ట్ చేశాను.

తెర నల్లబడింది. ఎడమవైపు పైమూలన చిన్న గీత మినుకుమినుకుమంటోంది. అంతే.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కాను. అలా నొక్కితే బొమ్మలూ మౌసూ లేని తెర ఒకటి వస్తుంది, నల్ల పలక మీద తెల్ల అక్షరాలు మాత్రమే. పేరు, పాస్‌వర్డ్ కొడితే లోపలికి రానిచ్చింది. ఫోల్డర్లో ఏమున్నాయో చూపమన్నాను. అక్క వీడియో పేరు కనిపించింది. ఏదీ పోలేదు. పోయిందల్లా కంటికి చూపించే డ్రైవర్ ఒక్కటే. హమ్మయ్య అనుకున్నాను. ఇక డ్రైవర్ సంగతి చూద్దాం అని నడుం బిగించాను. అక్కడ చేశాను తప్పు.

మర్నాడు పొద్దున వట్టి చేతులతో దవాఖానకు వెళ్లాను. ల్యాబులో పనిబడింది, వీలుకాలేదు అన్నాను. వాడు దిండు మీద తల తిప్పి నా వైపు ఒక చూపు చూశాడు.

"అప్‌డేట్ కొట్టినవా?"

నేను దుప్పటి సర్దబోయాను. వాడు పకపకా నవ్వాడు. నీరసంతో నవ్వు దగ్గులోకి దిగింది, బావ లేచి నీళ్లు పట్టాడు.

"బావా, సూడు వీన్ని. నేను ఒక్క దినం లేకపోయేసరికి నా సిస్టమ్‌ను సంపిండు" అని, నాతో, "రెండో రూలు యాదికున్నదా బిడ్డా?" అన్నాడు.

"ఉన్నది. నేనే బాగు చేస్త. నువ్వైతే లేసి రా."

"చెయ్ మరి, సూస్త."

ఆ నవ్వు నా చెవుల్లో పడి ఉంది. వాడు ఉడికించాడు, నేను ఉడుక్కున్నాను. ఫొటోలు పోగొట్టినప్పటి సిగ్గు కూడా తోడైంది. ఈసారి వాడు వచ్చేసరికి అన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉండాలి, నా ఇజ్జత్ నిలబడాలి. మూడో రోజు ల్యాబుకు సెలవు పెట్టి పొద్దున్నుంచీ ఆ నల్ల తెర ముందు కూర్చున్నాను. దవాఖానకు వెళ్లలేదు. పాత లైనక్స్‌తో తెరుద్దామంటే, అక్కర్లేదు తీసెయ్ అని దాన్ని నేనే పంపించేశాను. పాత డ్రైవర్ ఎక్కిద్దామంటే కొత్త లైనక్స్ ఒప్పుకోదు. ఇంటర్నెట్లో అడిగితే ఎవడో పుణ్యాత్ముడు, ఆ కార్డు చెత్తబుట్టలో పారేసి కొత్తది కొనుక్కో అని సలహా ఇచ్చాడు. వాడి నోట్లో మన్ను పడ అని పైకే తిట్టాను. తల ప్రాణం తోకకొచ్చింది గానీ తెర మాత్రం వెలగలేదు.

మధ్యాహ్నం వాడే ఫోన్ చేశాడు.

"ఏడిదాంక వచ్చింది?"

తెర మీద వస్తున్న తప్పుల పట్టీ చదివి వినిపించాను. ఓపిగ్గా విన్నాడు. మధ్యలో ఒకసారి ఊపిరి గట్టిగా తీసుకున్నాడు.

"అరేయ్, అదంత ఇడిసిపెట్టు. వీడియో పెన్‌డ్రైవ్ల ఏసుకొని రా. నల్ల తెర నుంచే అయితది గద. ఒక్క లైను రా అది."

"ఒక్క లైనని నాకు తెల్వదా? బాగు చేసినంకనే తెస్త. రెండో రూలు ఎవడు రాసిండు?"

"నీ రూలు పాడుగాను. నువ్వు రా ముందు. జ్వరం దిగింది. ఈడ పొద్దు పోతలేదు."

"దిగింది గద, ఇంకేంది. రేపో ఎల్లుండో ఇంటికే వస్తవు. పెద్ద తెర మీద సూద్దువు తియ్."



"సరే తీయ్" అన్నాడు.

జ్వరం దిగిందంటే గండం గడిచిందనే అనుకున్నాను. డెంగ్యూలో జ్వరం దిగిన తర్వాత ఒకటి రెండు రోజులే అసలు భయం అట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. తెలుసుకోవాలని నేను ఎవరినీ అడగనూలేదు. మూడు రోజులుగా నేను చదివిందంతా గ్రాఫిక్స్ కార్డు జబ్బు గురించే.

నాలుగో రోజు పొద్దున దొరికింది. పాత డ్రైవర్ ఎప్పుడో ఎక్కినప్పుడు ఒక చిన్న ఫైలు రాసి పెట్టుకుంది. దాంట్లో ఉన్నది ఒకే లైను, ఈ కార్డు దగ్గరికి ఇంకో డ్రైవర్‌ను రానివ్వొద్దని. డ్రైవర్ పోయింది, లైను మిగిలింది. కొత్తగా వచ్చిన ఉచిత డ్రైవర్ ఆ మాటకు కట్టుబడి గుమ్మం బయటే ఆగిపోయింది. ఆ లైను చెరిపేసి రీస్టార్ట్ చేశాను. తెర తెల్లగా వెలిగి, వాడు పెట్టుకున్న వాల్‌పేపర్, వాళ్ల ఊరి చెలక పొలం, నిండుగా వచ్చి నిలబడింది. ఒక్క కేక పెట్టాను. అక్క వీడియో పెద్ద తెర మీద వేసుకుని రెండుసార్లు చూశాను. వెలిగిన తెరను ఫొటో తీసి, "సూడు బిడ్డా" అని వాడికి పంపాను. చూసినట్టు నీలం టిక్కులు పడలేదు. పడుకుని ఉంటాడు అనుకున్నాను.

వీడియో పెన్‌డ్రైవ్‌లోకి, నా ఫోన్లోకి ఎక్కించుకుని నడుచుకుంటూ క్యాంపస్ దాటి తార్నాక వచ్చాను. గెలిచి వస్తున్నాను కదా, చౌరస్తా దగ్గర ఆగి తీరిగ్గా చాయ్ తాగాను. ఆ చాయ్ కూడా తాగాను నేను. గ్లాసు కింద పెడుతుంటే బావ ఫోను.

"తమ్మీ, యాడున్నవ్? వీన్ని ఐసీయూల ఏసిన్రు. బీపీ పడిపోయిందంటున్నరు. జల్ది రా."

ఆటో ఎక్కి వెళ్లాను. ఐసీయూ తలుపు ముందు చెప్పుల గుట్ట, దాని పక్కన నేల మీద బావ. లోపలికి ఎవర్నీ పోనివ్వడం లేదు. తలుపుకున్న అద్దంలోంచి చూస్తే వరసలో మూడో మంచం అన్నారు. పచ్చ తెర అడ్డం ఉంది. వాడి పాదాలు కూడా నాకు కనిపించలేదు.

"పొద్దున మంచిగనే ఉన్నడు" అన్నాడు బావ. "వాడొచ్చిండా అని నిన్ను రెండుసార్లడిగిండు."

"వీడియో తెచ్చిన" అన్నాను.

"వీడియో గురించి అడగలే తమ్మీ. నువ్వొచ్చినవా అనే అడిగిండు."

ఆ మధ్యాహ్నమే వాడు పోయాడు.

కాగితాలవీ అవుతుంటే బావా నేనూ వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. చాలాసేపటికి బావ చెయ్యి చాపి, "ఏది, సూపియ్" అన్నాడు. ఫోను ఇచ్చాను. పాపం ఆయనా భార్య గొంతు విని ఏడాది దాటింది. రెప్ప వెయ్యకుండా చూశాడు. చింతపండు మీద దెబ్బలు, కసురు, తమ్ముడి నవ్వు వెనకనుంచి. తీసినవాడు వాడే కాబట్టి వీడియోలో వాడు కనిపించడు, నవ్వొక్కటే వినిపిస్తుంది. చివర్లో ఆమె చెంపలు తుడుచుకుని, మంచిగ కనబడ్తున్ననా అంది.

"కనబడ్తున్నవే" అన్నాడు బావ, ఫోనుతోనే. "నీ తమ్ముడు గూడ వచ్చిండు సూడు నీ కాడికి." నేను లేచి గోడవైపు తిరిగి ఏడ్చాను.

ఇప్పుడు ల్యాబులో ఎవరైనా వచ్చి తెర నల్లబడింది సార్ అంటే, ఏం చేశావని నేను అడగను. నీకేం కావాలో చెప్పు అంటాను. ముందు వాళ్ల ఫైళ్లు తీసి చేతిలో పెట్టి పంపిస్తాను. సిస్టమ్ ఎప్పుడు బాగవుతుంది సార్ అంటారు. అదెప్పుడైనా అవుతుంది, నువ్వు పో అంటాను. కాస్త గట్టిగానే అంటానేమో, బెదిరిపోతారు.

ఊళ్లో దహనం అయి, గదికి తిరిగి వచ్చిన మర్నాడు సిస్టమ్ ఆన్ చేశాను. బ్రహ్మాండంగా వెలిగింది, నా పనితనం. గోడ మీద కాగితం అలాగే ఉంది. నాకు ఏం పుట్టిందో, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి ఆ నల్ల తెరలోకి వెళ్లాను. పెన్‌డ్రైవ్ గుచ్చి, వీడియోను అందులోకి కాపీ చెయ్యమని వాడు చెప్పిన ఆ ఒక్క లైను టైపు చేశాను. ఎంతసేపు పడుతుందో కూడా లెక్కపెట్టి చెప్పమన్నాను.

పదకొండు సెకన్లు అని వచ్చింది. నమ్మలేక రెండోసారి చేశాను. మళ్లీ పదకొండే.